పాత లాప్‌టాప్ హార్డ్ డిస్క్‌ని విప్పకుండా నెట్‌వర్క్ మీదుగా బ్యాకప్ తీయడం: మొదటి నుంచి చివరి దాకా

మూలన పడి ఉన్న పాత లాప్‌టాప్ పవర్ బటన్ నొక్కగానే ఇంకా ఆన్ అయిందంటే, బ్యాకప్ పని ఆ రోజే మొదలుపెట్టండి. తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని మళ్లీ మూసి పెట్టొద్దు. హార్డ్ డిస్క్ లోపల తిరిగే పళ్లేలు, వాటికి వెంట్రుక మందం కన్నా తక్కువ ఎత్తులో తేలుతూ చదివే హెడ్, ఒక చిన్న మోటారు ఉంటాయి. ఏళ్ల తరబడి వాడి, ఆ తరవాత ఏళ్ల తరబడి ఆపేసి ఉంచిన డిస్క్ ఈసారి తిరిగింది కదా అని వచ్చేసారి కూడా తిరుగుతుందనుకోలేం.

ఈ పని మొత్తానికీ నేను పాటించే క్రమం ఒకటే. మళ్లీ దొరకని ఫైళ్లు ముందు, డిస్క్ మొత్తం ఇమేజ్ (అంటే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా తీసిన నకలు) తరవాత. రెండూ తెరిచి చూసుకున్నాకే పాతదాన్ని పక్కన పెట్టాలి. క్రమం తలకిందులు చేసి ముందే ఇమేజ్‌కి కూర్చుంటే, అది సగంలో ఆగిపోయి డిస్క్ కూడా అక్కడే ప్రాణం విడిస్తే, గంటల తరబడి కష్టపడ్డా చేతికి ఒక్క ఫొటో కూడా రాదు. అలా జరగడం దగ్గర్నుంచి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నెట్‌వర్కే ఎందుకు?

డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మీకు విప్పడం అలవాటైతే, డిస్క్ సాటా (కొంత కొత్త తరం కనెక్టర్) రకమైతే, నిక్షేపంగా అలాగే చేయండి, తొందరగా అవుతుంది. కానీ బాగా పాత లాప్‌టాప్‌లలో 44 పిన్నుల ఐడీఈ డిస్కులుంటాయి, వాటికి వేరే అడాప్టర్ కావాలి. కొన్ని మోడళ్లలో డిస్క్ దాకా చేరాలంటే కీబోర్డు, పైకప్పు అన్నీ విప్పాలి, ఆ వయసులో ప్లాస్టిక్ క్లిప్పులు ముట్టుకుంటేనే విరుగుతాయి.

పోనీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలిద్దామంటే పోర్టు వేగం చూడాలి. యూఎస్‌బీ 1.1 పోర్టు సెకనుకి 12 మెగాబిట్లు, అంటే మన లెక్కలో సెకనుకి 1 ఎంబీకి అటూ ఇటూ. 80 జీబీ డేటా తీయాలంటే 22 గంటలు. యూఎస్‌బీ 2.0 ఉంటే సెకనుకి 30 ఎంబీ దాకా వస్తుంది, అది బాగానే ఉన్నట్టు. నెట్‌వర్క్ కేబుల్ సంగతికొస్తే, పాత లాప్‌టాప్‌లో 100 మెగాబిట్ల పోర్టు ఉన్నా సెకనుకి 11 ఎంబీ దాకా నికరంగా వస్తుంది, 80 జీబీ రెండు గంటల్లో అయిపోతుంది. గిగాబిట్ పోర్టు అయితే నెట్‌వర్క్ వల్ల ఆలస్యమే ఉండదు, పాత డిస్క్ ఎంత వేగంగా చదవగలదో అంత వేగం.

పాత వైఫైని మాత్రం నమ్ముకోవద్దు. 54 మెగాబిట్లని రాసి ఉన్న కార్డు నిజంగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు, పైగా మధ్యలో తెగుతుంది. కాపీ ఎంత సేపు సాగితే డిస్క్ అంత సేపు వేడెక్కుతుందని గుర్తుంచుకోండి. కేబుల్ వెతికి తెచ్చుకోవడమే మంచిది.

ముందు డిస్క్ చెప్పేది వినండి

నిజంగానే చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా ఒకే తీరులో గుయ్‌మనే శబ్దం మామూలే. టక్, టక్, టక్ అని లయగా కొడుతోందంటే హెడ్ తన దారి దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కొస్తోందని అర్థం. అలా ఉంటే వెంటనే ఆపేయండి. ఆ డేటా మీకు ప్రాణసమానమైతే ఇక ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ పోకుండా డేటా రికవరీ నిపుణులకి ఇవ్వండి. ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందనే చిట్కా ఎవరైనా చెప్పినా పాటించొద్దు, లోపల తేమ చేరితే ఉన్నది కూడా పోతుంది.

శబ్దం బాగానే ఉంటే స్మార్ట్ రీడింగులు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో జీస్మార్ట్‌కంట్రోల్ చూపిస్తాయి. డజన్ల కొద్దీ వరసలుంటాయి కానీ మీరు చూడాల్సినవి మూడే: 5వ నంబరు, 197, 198. మొదటిది డిస్క్ ఇప్పటికే పక్కన పెట్టేసిన చెడ్డ సెక్టార్ల (డిస్క్ మీద డేటా దాచే చిన్న చిన్న గళ్ల) లెక్క, రెండోది చదవలేక అనుమానంలో పెట్టినవి, మూడోది ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎడమ పక్క ఈ నంబర్లు హెక్సాలో కనిపిస్తాయి, అక్కడ 197ని సీ5 అని, 198ని సీ6 అని వెతకండి. మూడింటిలోనూ సున్నాలుంటే హాయిగా ముందుకెళ్లండి. 197 ఎదురుగా సున్నా కానిది ఏదున్నా డిస్క్ జబ్బు పడిందనే లెక్క వేసుకుని, ఫైళ్లు తీశాక ఇమేజ్ కోసం కింద చెప్పిన డీడీరెస్క్యూ దారి పట్టండి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డిస్క్ అనుమానంగా ఉందని చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్క్ రిపేర్ పనిముట్టు) నడుపుతారు, లేదా డీఫ్రాగ్ చేస్తారు (ఫైళ్ల ముక్కల్ని ఒకచోట సర్దడం), లేదా పాత యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెడతారు. ఇవన్నీ నీరసించిన డిస్క్‌ని పరిగెత్తించడమే. చెక్‌డిస్క్ అయితే ఫైల్ సిస్టమ్‌లో రాతలు కూడా మార్చేస్తుంది. బ్యాకప్ చేతికొచ్చే దాకా పాత డిస్క్ మీద ఏమీ రాయొద్దు, ఏమీ ఇన్‌స్టాల్ చేయొద్దు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో కూడా ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ వెర్షన్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడపండి.

లాప్‌టాప్‌ని గట్టి బల్ల మీద పెట్టండి, పరుపు మీద కాదు. చార్జర్ తగిలించి ఉంచండి. పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ని, మూత మూస్తే నిద్రపోవడాన్ని ఆపేయండి. నెట్‌వర్క్ కాపీలు మధ్యలో తెగడానికి ఎక్కువసార్లు కారణం స్లీపే.

తీగ కలపడం

పాత లాప్‌టాప్‌నీ, బ్యాకప్ దాచుకునే కొత్త కంప్యూటర్‌నీ ఒకే రౌటర్‌కి కేబుళ్లతో కలిపితే ఐపీ అడ్రసులు వాటంతటవే వస్తాయి, ఇంకేం చేయక్కర్లేదు. రౌటర్ దూరంగా ఉంటే ఒకే కేబుల్‌తో నేరుగా కలిపేయొచ్చు. ఒకప్పుడు దీనికి క్రాసోవర్ కేబుల్ అని ప్రత్యేకంగా కావాల్సి వచ్చేది. ఇప్పుడు రెంటిలో ఒకదానికి గిగాబిట్ పోర్టు ఉన్నా మామూలు కేబులే సరిపోతుంది, పోర్టే సర్దుకుంటుంది.

నేరుగా కలిపినప్పుడు అడ్రసులు మీరే ఇవ్వండి. కొత్త కంప్యూటర్‌కి 192.168.50.1, పాతదానికి 192.168.50.2, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే ఖాళీగా వదిలేయొచ్చు. ఇంట్లో రౌటర్ కూడా ఇదే 50 సిరీస్ వాడుతుంటే 50 బదులు ఇంకో అంకె వేసుకోండి.

కొత్త కంప్యూటర్‌లో చోటు సిద్ధం చేయడం

కొత్త కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10 లేదా 11 అనుకుని చెప్తున్నాను. ముందు ఖాళీ చూసుకోండి. మామూలు ఇమేజ్‌కి పాత డిస్క్‌లో నిజంగా నిండి ఉన్నంత చోటు ఉంటే చాలు, డీడీరెస్క్యూకి మాత్రం డిస్క్ పూర్తి సైజంత కావాలి. ఫైళ్లకీ, ఇమేజ్‌కీ కలిపి లెక్కేసుకోండి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి తీస్తుంటే అది ఫ్యాట్32లో ఉందేమో చూడండి, ఆ ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి.

ఒక కొత్త ఫోల్డర్ చేసి, పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. తరవాత షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్ అకౌంట్ చేయండి, దానికి పాస్‌వర్డ్ తప్పనిసరి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువమంది, గంటల తరబడి టెన్షన్ పడేదీ ఇక్కడే. మీరు రోజూ లాగిన్ అయ్యే పిన్ నెట్‌వర్క్ షేర్‌కి పనిచేయదు, పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ నుంచి రానివ్వదు. అందుకే వేరే అకౌంట్. ఇప్పుడు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోకి వెళ్లి షేర్ చేసి, పర్మిషన్స్‌లో ఆ అకౌంట్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. పక్కనే ఉన్న సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా అదే అకౌంట్‌కి రాసే హక్కు ఇవ్వాలి. ఈ రెండు చోట్లా ఇస్తేనే రాయనిస్తుంది. నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ అని ఉండాలి, పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ తలుపు మూసేస్తుంది.

పాత లాప్‌టాప్‌లో ఎక్స్‌ప్లోరర్ తెరిచి అడ్రస్ బార్‌లో \\192.168.50.1 అని కొట్టండి, రౌటర్ ద్వారా కలిపితే కొత్త కంప్యూటర్ అసలు ఐపీ కొట్టండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగి ఫోల్డర్ చూపిస్తే దారి పడినట్టే.

పాతది విండోస్ ఎక్స్‌పీ అయితే ఇలా కుదరదు. ఎక్స్‌పీకి వచ్చిన షేరింగ్ భాష ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది ఆ వెర్షన్‌లోని లోపం పట్టుకునే, ఆ ఏడాది చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి విండోస్ 10లో అది డీఫాల్ట్‌గా ఉండటం లేదు. కొత్త కంప్యూటర్‌లో దాన్ని మళ్లీ ఆన్ చేయమని చెప్పే సలహాలు వినొద్దు. ఒక పాత లాప్‌టాప్ కోసం రోజూ వాడే మెషీన్‌కి చిల్లు పెట్టుకోవడం ఎందుకు? పాతదాన్ని లైవ్ లైనక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) పెన్‌డ్రైవ్ మీద బూట్ చేస్తే ఎక్స్‌పీతో పనే ఉండదు, లైనక్స్‌కి కొత్త ఎస్‌ఎంబీ వచ్చు. 64 బిట్ ప్రాసెసర్, తగినంత ర్యామ్ ఉంటే లైనక్స్ మింట్, 32 బిట్‌దైతే యాంటీఎక్స్ లాంటి తేలికపాటిది తీసుకోండి. ఫైల్ మేనేజర్‌లో సర్వర్‌కి కనెక్ట్ అయ్యే చోట అదే ఐపీ ఇస్తే షేర్ తెరుచుకుంటుంది.

మొదటి విడత: మళ్లీ దొరకని ఫైళ్లు

విండోస్ 7, ఆ తరవాతివాటిలో సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్, ఎక్స్‌పీలో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్. దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి. దాదాపు అన్నానని గుర్తుంచుకోండి. డి డ్రైవ్ ఉంటే అది కూడా, సి డ్రైవ్ మొదట్లోనే ఎవరో ఎప్పుడో చేసిన విడి ఫోల్డర్లు కూడా చూడండి. అకౌంటింగ్ ప్రోగ్రామ్‌లు కొన్ని తమ డేటాని ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే దాచుకునేవి.

దాగి ఉన్న యాప్‌డేటా ఫోల్డర్‌ని వదలొద్దు. థండర్‌బర్డ్ మెయిళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు అక్కడే ఉంటాయి. పాత అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైల్ కూడా తరచూ అక్కడే ఉంటుంది. పాస్‌వర్డుల సంగతి వేరు. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం తీస్తే అందులో దాచినవి కూడా వెంట వస్తాయి, క్రోమ్‌లోవి మాత్రం ఆ విండోస్ అకౌంట్‌తో తాళం వేసి ఉంటాయి కాబట్టి ఫోల్డర్ కాపీ చేసినా కొత్త మెషీన్‌లో తెరుచుకోవు. పాత లాప్‌టాప్ బతికి ఉండగానే క్రోమ్ సెట్టింగుల్లోంచి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఎక్కడైనా ఫైళ్ల పేర్లు ఆకుపచ్చ రంగులో కనిపిస్తే అవి విండోస్ ఎన్‌క్రిప్ట్ చేసినవి, వాటి సర్టిఫికెట్ కూడా ఎక్స్‌పోర్ట్ చేయాలి, లేకపోతే కాపీ ఉన్నా లేనట్టే.

తెలుగులో టైప్ చేసినవాళ్లకి ఇంకో మాట. యూనికోడ్ అలవాటు కాకముందు ప్రత్యేక ఫాంట్లలో కొట్టిన కథలు, ఉత్తరాలు, వంశవృక్షాలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తుల్లా కనిపిస్తాయి. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ని కూడా తీసుకోండి. పదేళ్ల తరవాత ఆ ఫాంట్ కోసం వెతుక్కునే బాధ ఉండదు.

కాపీకి మౌస్‌తో లాగడం కన్నా విండోస్‌తోపాటే వచ్చే రోబోకాపీ మేలు. విస్టా నుంచి ప్రతి విండోస్‌లో ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, రోబోకాపీ అని, ఏ ఫోల్డర్ నుంచి, ఎక్కడికి అని ఇంగ్లిష్‌లో కొట్టి, వెనకాల నాలుగు స్విచ్‌లు పెట్టండి. ప్రతి స్విచ్ ముందూ స్లాష్ ఉంటుంది. ఇంగ్లిష్ E అక్షరం ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ తీయమని చెప్తుంది. ఎక్స్‌జే అనేది విండోస్ పాత పేర్ల కోసం పెట్టిన దొంగ దారుల్లో పడి అదే ఫోల్డర్‌ని అంతు లేకుండా తిప్పకుండా ఆపుతుంది. ఆర్ కోలన్ 1, డబ్ల్యూ కోలన్ 1 అంటే చదవలేని ఫైల్‌ని ఒక్కసారే, ఒక్క సెకను ఆగి మళ్లీ ప్రయత్నించి వదిలేయమని. ఈ చివరి రెండూ మరిచిపోవద్దు. చెప్పకపోతే రోబోకాపీ ఒక్కో ఫైల్‌ని 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. నేను మొదటిసారి ఇవి పెట్టకుండానే వదిలి నిద్రపోయాను, తెల్లారి చూస్తే ఒక్క పాడైన పాట దగ్గరే రాత్రంతా గడిచింది, జబ్బు డిస్క్ అంతసేపూ ఆ చెడ్డ సెక్టార్ మీదే కొట్టుకుంది. లాగ్ స్విచ్ కూడా పెట్టి ఫైల్ పేరిస్తే ఏవి రాలేదో జాబితా మిగులుతుంది, కానీ ఆ లాగ్‌ని షేర్ ఫోల్డర్‌లోనే రాయించండి, పాత డిస్క్ మీద వద్దు.

కాపీ తెగిపోతే అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి, అయిపోయినవి వదిలేసి మిగిలినవే తీస్తుంది.

రెండో విడత: డిస్క్ మొత్తం ఇమేజ్

ఫైళ్లు చేతికొచ్చాక ఇక తొందర లేదు. ఇమేజ్ ఎందుకంటే, పాత లాప్‌టాప్‌లోని విండోస్, దాని ప్రోగ్రామ్‌లు, లైసెన్సులు, సెట్టింగులు ఉన్నవి ఉన్నట్టుగా ఇంకో డిస్క్ మీదికి దించుకోవచ్చు. నేను దీనికి క్లోనెజిల్లా వాడతాను. తైవాన్‌లోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంవాళ్లు తయారు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. చూడ్డానికి పాతకాలపు నీలం తెర, కానీ మౌస్ లేకుండా, తక్కువ ర్యామ్‌తో, ఎంత ముసలి లాప్‌టాప్ మీదైనా నడిచేది ఇదే.

బూట్ చేసేముందు పాత విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి. హైబర్నేట్ చేసి వదిలితే, లేదా విండోస్ 8, 10లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, ఫైల్ సిస్టమ్ సగం తెరిచి ఉన్నట్టే లెక్క, క్లోనెజిల్లా చదవనని మొరాయిస్తుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగుతుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి.

కొత్త కంప్యూటర్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో క్లోనెజిల్లా లైవ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. 32 బిట్ ప్రాసెసర్ అయితే ఐ686 అని రాసి ఉన్నది (కొత్త విడుదలల్లో దొరక్కపోతే పాత విడుదల), లేకపోతే ఏఎండీ64. ఇంటెల్ ప్రాసెసర్‌కి కూడా ఆ రెండోదే, పేరు చూసి కంగారు పడొద్దు. లాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూటే చేయలేనంత పాతదైతే సీడీలో రాసుకోండి.

తరవాత తెరలు ఇలా సాగుతాయి. భాష, కీబోర్డు ఒప్పుకుని స్టార్ట్ క్లోనెజిల్లా. అందులో డివైస్-ఇమేజ్. ఇమేజ్ ఎక్కడ దాచాలని అడిగితే సాంబా సర్వర్, అంటే మన విండోస్ షేరే. నెట్‌వర్క్ కార్డు అడుగుతుంది, రౌటర్ ఉంటే డీహెచ్‌సీపీ (అడ్రస్ దానంతటదే వచ్చేది), నేరుగా కేబుల్ అయితే స్టాటిక్ ఎంచుకుని ఇందాకటి 192.168.50.2 ఇవ్వండి, గేట్‌వే అడిగితే కొత్త కంప్యూటర్ అడ్రసే కొట్టేయండి. సర్వర్ ఐపీ, యూజర్ పేరు, షేర్ పేరు ఇచ్చాక పాస్‌వర్డ్ అడుగుతుంది, టైప్ చేస్తుంటే ఏమీ కనిపించదు, అయినా అది తీసుకుంటూనే ఉంటుంది. డొమైన్ ఖాళీగా వదిలేయండి.

ఇప్పుడు బిగినర్ మోడ్, ఆ తరవాత సేవ్‌డిస్క్. ఇక్కడ చేతులు కీబోర్డు మీంచి తీసి ఒక్కసారి చదవండి. సేవ్‌డిస్క్ డిస్క్‌ని చదివి ఇమేజ్ చేస్తుంది, రిస్టోర్‌డిస్క్ ఇమేజ్‌ని డిస్క్ మీద రాసి ఉన్నదంతా తుడిచేస్తుంది. రెండూ ఒకే మెనూలో ఉంటాయి. ఇమేజ్‌కి లాప్‌టాప్ పేరు, తేదీ తెలిసేలా పేరు పెట్టండి. డిస్క్ ఎంచుకునేటప్పుడు లైనక్స్ డిస్క్‌కి పెట్టే ఎస్‌డీఏ అనే పేరు చూసి కాదు, సైజు, మోడల్ చూసి ఎంచుకోండి, ఒక్కోసారి ఆ పేరు పెన్‌డ్రైవ్‌కి వస్తుంది. ఫైల్ సిస్టమ్ చెక్, రిపేర్ చేయాలా అంటే వద్దని చెప్పండి. ఇమేజ్ అయ్యాక సరిచూడమంటారా అంటే మాత్రం తప్పకుండా చూడమనండి, ఆ సమయం దండగ కాదు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ లాంటి తెలిసిన ఫైల్ సిస్టమ్‌లలో క్లోనెజిల్లా నిండిన భాగాలనే తీసుకుంటుంది, అందుకే 320 జీబీ డిస్క్‌లో 60 జీబీ ఉంటే 60 జీబీకే సమయం పడుతుంది. రెండు ఇబ్బందులున్నాయి. ఇమేజ్‌ని దించే డిస్క్ పాతదానంత లేదా పెద్దది కావాలి. ఇమేజ్ లోంచి ఒక్క ఫైల్‌ని తేలిగ్గా బయటికి తీయలేం.

ఆ రెండో ఇబ్బంది మీకు పెద్దదనిపిస్తే, పాత విండోస్ బాగానే నడుస్తుంటే, మైక్రోసాఫ్ట్ వాళ్ల డిస్క్2వీహెచ్‌డీ చూడండి. నడుస్తున్న విండోస్ లోంచే డిస్క్‌ని వర్చువల్ డిస్క్ ఫైల్‌గా మార్చి నేరుగా షేర్‌లోకి రాస్తుంది, ఆ ఫైల్ మీద కొత్త కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేస్తే మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్‌కి ఇది చాలా హాయి.

డిస్క్ జబ్బు పడి ఉంటే

క్లోనెజిల్లా చదవలేని సెక్టార్ తగిలితే మామూలుగా ఆగిపోతుంది. అలాంటి డిస్క్‌కి గ్నూ డీడీరెస్క్యూ వేరే తీరులో పనిచేస్తుంది. బాగున్న భాగాలన్నీ ముందు గబగబా తీసేసి, మొండికేసిన చోట్లని గుర్తు పెట్టుకుని చివర్లో మళ్లీ వస్తుంది. లైవ్ లైనక్స్‌లో షేర్‌ని మౌంట్ చేసి (అంటే వాడుకోవడానికి తెరిచి), పాత డిస్క్‌ని మౌంట్ చేయకుండా, ఇమేజ్‌నీ మ్యాప్ ఫైల్‌నీ రెండింటినీ ఆ షేర్‌లోనే రాయించండి. మ్యాప్ ఫైల్ ఉంటేనే కరెంటు పోయినా, లాప్‌టాప్ వేడెక్కి ఆగినా ఆపిన చోటి నుంచి మొదలవుతుంది, అది లైవ్ పెన్‌డ్రైవ్ మెమరీలో ఉండిపోతే రీబూట్‌తో పోతుంది. మొదటి దఫా చిన్న ఎన్ స్విచ్‌తో నడపండి, మొండి చోట్ల జోలికి పోకుండా వచ్చినంత తెస్తుంది. తరవాత ఆ స్విచ్ తీసేసి ఆర్3 పెట్టి ఇంకో దఫా, అప్పుడు మిగిలిన చోట్లని మూడుసార్లు ప్రయత్నిస్తుంది. మధ్యలో డిస్క్ వేడిగా అనిపిస్తే ఆపి చల్లబడనివ్వండి. కొద్ది సెక్టార్లు రాకపోయినా బాధపడక్కర్లేదు, చాలాసార్లు అవి ఖాళీ చోటులోనో విండోస్ సొంత ఫైళ్లలోనో పడి ఉంటాయి.

తెరిచి చూసుకోవడం

రోబోకాపీ చివర్లో చూపే పట్టికలో ఫెయిల్డ్ అన్న నిలువు వరుస చూడండి, సున్నా కాకపోతే లాగ్‌లో వాటి పేర్లుంటాయి. రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య పోల్చండి. ముఖ్యమైనవాటికి 7-జిప్‌తో రెండు వైపులా షా-256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంకేతం) తీసి పోల్చితే ఒక్క బైట్ తేడా ఉన్నా బయటపడుతుంది. ఆ తరవాత ఫొటోలు, వీడియోలు, పాత డాక్యుమెంట్లు వేర్వేరు ఏళ్లవి ఏరి నిజంగా తెరవండి, థంబ్‌నెయిల్ కనిపించింది కదా అని వదిలేయొద్దు. సగం కింద బూడిద రంగు పట్టీ వచ్చిన ఫొటోకి కూడా థంబ్‌నెయిల్ బాగానే ఉంటుంది.

ఇమేజ్‌కి అసలు పరీక్ష వాడకుండా ఖాళీగా ఉన్న ఇంకో డిస్క్ మీద దించి చూడటం. అలాంటి డిస్క్ లేకపోతే క్లోనెజిల్లా సరిచూసి ఇచ్చిన ఫలితంతో సరిపెట్టుకోండి.

ఇప్పటికి కొత్త కంప్యూటర్‌లో ఒక్క కాపీ ఉంది. దాన్ని ఇంకో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కూడా తీసి, ఆ డ్రైవ్‌ని ఊడదీసి వేరే చోట పెట్టండి. పాత డిస్క్‌ని కొన్ని నెలలు తుడవకుండా ఉంచండి, మరిచిపోయిన ఫోల్డర్ ఏదో ఒకటి అప్పుడే గుర్తొస్తుంది. కొత్త కంప్యూటర్‌లో మాత్రం అదే రోజు మూడు పనులు చేయండి: ఆ ఫోల్డర్ షేరింగ్ ఆపండి, బ్యాకప్ కోసం చేసిన యూజర్ అకౌంట్ తీసేయండి, చేత్తో ఇచ్చిన ఐపీని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చండి.